కాలువ నీటి చుక్కలో ఏమీ కనిపించడం లేదా? ఏకకణ జీవులు ఈదడం, తినడం ఇంట్లోనే చూడాలంటే ఇలా చేయండి

"మాస్టారూ, బందరు కాలువ నీళ్లు తెచ్చి స్లైడు మీద వేసి చూశాం. ఏమీ లేదు." ఇంటర్ బైపీసీ పిల్లలు, ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఏటా నన్ను అడిగేది ఇదే. కొందరైతే మైక్రోస్కోపే మంచిది కాదని తేల్చేస్తారు. మైక్రోస్కోపు తప్పు చాలా అరుదు. పారే నీటిలో చుక్కకు ఒక్క జీవి దొరికినా అదృష్టమే. వాటిని ముందు పెంచుకోవాలి, తర్వాత చూడాలి. పెంచడానికి వారం పడుతుంది, చూడటానికి పది నిమిషాలు చాలు. అందరూ ఆ వారాన్ని వదిలేసి పది నిమిషాల దగ్గర మొదలుపెడతారు.

సిద్ధాంతం మీ పుస్తకంలో ఉంది కాబట్టి ఇక్కడ రెండు ముక్కలే చెబుతాను. పారమీషియం ఒంటినిండా ఉన్న శైలికలను (సన్నని వెంట్రుకల్లాంటివి) తెడ్లలా ఆడిస్తూ ఈదుతుంది, నోటి గాడిలోని శైలికలతో బ్యాక్టీరియాను లోపలికి తోసుకుంటుంది. అమీబా మిథ్యాపాదాలు చాచి పాకుతుంది, అవే చేతులుగా తిండిని చుట్టేస్తుంది. యూగ్లీనా ముందున్న కశాభంతో (కొరడాలాంటి పోగు) ఈదుతుంది, ఎండ ఉంటే తన ఆహారం తానే వండుకుంటుంది.

కావలసినవి

- గుప్పెడు ఎండు వరిగడ్డి. సిటీలో దొరక్కపోతే పది పదిహేను గోధుమ గింజలు.
- వెడల్పు మూతి గాజు సీసా ఒకటి (పచ్చడి సీసా సరిపోతుంది, కానీ ఉప్పు, నూనె వాసన పోయేదాకా కడగాలి), సన్న మెడ సీసా ఒకటి.
- పలుచని పాత నూలు గుడ్డ, రబ్బరు బ్యాండు.
- ఇంకు ఫిల్లర్ లేదా ఖాళీ చుక్కల మందు సీసా.
- గాజు స్లైడ్లు, కవర్ స్లిప్పులు. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వైపు ఆసుపత్రుల చుట్టూ ఉన్న సర్జికల్, ల్యాబ్ సామాన్ల షాపుల్లో అడగండి.
- కొంచెం దూది, డ్రై ఈస్ట్ ప్యాకెట్టు, నల్ల గుడ్డ, టార్చి.
- మైక్రోస్కోపు. స్కూలుది అయినా, పాతది అయినా స్లైడు వైపుండే 10 ఎక్స్ లెన్సు పనిచేస్తే చాలు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్ 140 రెట్లు పెద్దది చేస్తుంది, పారమీషియంకు అదీ సరిపోతుంది. ఫోన్‌కు తగిలించే చవక క్లిప్పు లెన్సులు మాత్రం చాలవు.

మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు

ఈ నీళ్లు ముక్కులోకి, కంట్లోకి పోకూడదు. నోటితో పీల్చి గొట్టం నింపే అలవాటుంటే మానుకోండి. వెచ్చని మంచినీటిలో ఉండే కొన్ని అమీబాలు ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీయగలవు. అది చాలా అరుదు, అయినా పట్టించుకోవాల్సిందే. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు సబ్బుతో చేతులు కడగకుండా లెన్సు ముట్టుకోవద్దు.

సీసా మూతికి గుడ్డ కట్టడం మరిచిపోతే వారం తిరిగేసరికి మీరు పెంచేది దోమల్ని. డెంగీ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అద్దం ఉన్న మైక్రోస్కోపు అయితే అద్దాన్ని సూర్యుడి వైపు తిప్పకండి. మన ఎండ సూటిగా కంట్లోకి వస్తే చూపు పోతుంది. తెల్లగోడ వైపో, సూర్యుడు లేని పక్క ఆకాశం వైపో తిప్పండి.

1. విత్తనం తెచ్చుకోండి

ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ విజయవాడ మధ్యగుండానే పోతాయి. అయితే నడి కాలువ నీళ్లు మనకు పనికిరావు. గట్టు వారగా నిలిచిన గుర్రపుడెక్క కనిపిస్తుంది చూడండి, ఒక మొక్కను వేళ్లతో సహా లాగండి. ఆ నల్లటి కుచ్చు వేళ్లను పావు సీసా నీళ్లలో గట్టిగా జాడించండి. మురికిగా మారిన ఆ నీళ్లే మీ విత్తనం. అడుగున కుళ్లుతున్న ఆకు ఒకటి దొరికితే అదీ వేసుకోండి.

గుంటూరు వైపు ఊళ్లలో ఉంటే ఇంకా తేలిక. చెరువు అంచున పాచి పట్టిన రాయి, తామరాకు అడుగు భాగం, గేదెల నీళ్ల తొట్టిలో పచ్చగా మారిన నీళ్లు, ఏదైనా సరే. తొట్టిలోని ఆ పచ్చదనంలో యూగ్లీనా దొరికే అవకాశం ఎక్కువ.

మురుగు కలిసే చోట తీయకండి. పిల్లల్ని ఒంటరిగా కాలువ దగ్గరికి పంపకండి, మెట్లు జారతాయి. మగ్గుకు తాడు కట్టి గట్టు మీంచే ముంచండి. వేసవిలో కాలువలు కట్టేస్తే కంగారు పడొద్దు. ఎండిన గట్టు మీది ఎండుగడ్డి, మట్టి చిటికెడు తెచ్చినా కొన్ని రకాలు వస్తాయి. కోల్పోడా లాంటి ఏకకణ జీవులు గట్టి తొడుగు కట్టుకుని ఎండలో నిద్రపోతాయి, నీరు తగలగానే లేస్తాయి. పారమీషియం మాత్రం అలా రాదు, దానికి తడి చెరువో తొట్టో వెతకాల్సిందే.

2. నీళ్లు సిద్ధం చేయండి

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. లీటరు నీళ్లు వెడల్పు గిన్నెలో పోసి ఒక రోజు తెరిచి ఉంచండి. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే వాడకండి. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే అంతకంటే మంచిది లేదు.

3. గడ్డి మరిగించండి

లీటరు నీళ్లకు గుప్పెడు వరిగడ్డి, అంగుళం ముక్కలుగా కత్తిరించి వేయండి (గడ్డి లేకపోతే గోధుమ గింజలు). పది పదిహేను నిమిషాలు మరగనివ్వండి. నీళ్లు లేత టీ రంగుకు రావాలి. గడ్డి మీద పురుగుమందు ఉందేమోనని అనుమానముంటే ముందు ఒక పూట నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి.

ఎక్కువ గడ్డి వేస్తే ఎక్కువ జీవులు వస్తాయని మొదటిసారి నేనూ అనుకున్నాను. సీసా సగం గడ్డి కూరాను. మూడో రోజుకి నీళ్లు నల్లబడ్డాయి, నాలుగో రోజు కింది పోర్షన్ వాళ్లు డ్రైనేజీ పొంగిందా అని పైకొచ్చి అడిగారు. కుళ్లు ఎక్కువైతే నీటిలో ప్రాణవాయువు అయిపోతుంది, పారమీషియంలు ముందు చస్తాయి. టీ రంగు దాటి కాఫీ రంగు వచ్చిందంటే సగం పారబోసి నీళ్లు కలపండి.

గుంటూరు నుంచి ఒకాయన గడ్డి బదులు మిరపకాయలు నానబెట్టొచ్చా అని అడిగారు. నవ్వుకోకండి, ప్రశ్నలో చరిత్ర ఉంది. హాలండులో సొంతంగా మైక్రోస్కోపులు చేసుకున్న లీవెన్‌హుక్ 1674లో చెరువు నీటిలో ఈ జీవుల్ని చూశాడు. 1676లో మిరియాలకు ఆ ఘాటు ఎలా వస్తుందో చూద్దామని వాటిని నీళ్లలో నానబెట్టాడు. ఘాటు సంగతి తేలలేదు కానీ నీళ్లు చిన్న జీవులతో కిటకిటలాడాయి. కాబట్టి కుళ్లే మొక్క ఏదైనా సూత్రం అదే. కానీ మిరప ముట్టుకున్న వేళ్లతో ఐపీస్ (కన్ను ఆనించి చూసే లెన్సు) దగ్గర కన్ను నలుపుకుంటారు. గడ్డే మేలు.

4. రెండు రోజులు వదిలేయండి

చల్లారిన గడ్డి నీళ్లను గడ్డి ముక్కలతో సహా వెడల్పు సీసాలో ముప్పాతిక భాగం పోసి గుడ్డ కట్టండి. ఒకటి రెండు రోజుల్లో నీళ్లు మసకబారి, పైన పలుచని పొర కడుతుంది. అది బ్యాక్టీరియా. మీ పెంపుడు జీవులకు అదే భోజనం. విస్తరి వేయకముందే అతిథుల్ని పిలిస్తే పస్తులుంటారు కదా, అందుకే ఈ రెండు రోజులు.

5. విత్తనం కలిపి, నీడలో పెట్టండి

గుర్రపుడెక్క వేళ్లు జాడించిన నీళ్లు అర గ్లాసు కలపండి. సీసాను ఎండ తగలని చోట పెట్టండి. మే నెల విజయవాడలో ఇదే అసలు కష్టం. గది వేడెక్కితే నీళ్లు వెచ్చబడి మొత్తం పోతుంది. మంచినీళ్ల కుండ కింద తడి ఇసుక పోస్తాం కదా, సీసాను ఆ ఇసుకలో కుండకు ఆనించి పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఈ పని నవంబరు, ఫిబ్రవరి మధ్య చేస్తే సగం టెన్షన్ ఉండదు.

మొదటి రెండు మూడు రోజులు సన్నని కశాభ జీవులు కనిపిస్తాయి, నలకలు గబగబా పరిగెత్తినట్టు ఉంటాయి. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య పారమీషియంలు పెరుగుతాయి. ఆ తర్వాత కాడతో అతుక్కుని ఉండే వోర్టిసెల్లా, ఇంకా ఆలస్యంగా అడుగు మడ్డిలో అమీబాలు. రోజులు అటూ ఇటూ అవుతాయి, కాబట్టి రోజుకో చుక్క చూడండి.

6. వచ్చాయో లేదో మైక్రోస్కోపు లేకుండానే చూసుకోండి

ఈ పని చాలామంది వదిలేస్తారు, నిజానికి ఇదే సమయం మిగిల్చేది. గదిలో లైటు ఆపి, సీసా వెనక నల్ల గుడ్డ పట్టి, పక్క నుంచి టార్చి వేయండి. నీటి పైభాగంలో తెల్లటి పిండి రేణువులు తమంతట తాము మెల్లగా తిరుగుతుంటే అవే పారమీషియంలు. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు నుంచి ఆరో వంతు దాకా ఉంటాయి కాబట్టి మామూలు కంటికి చుక్కల్లా ఆనతాయి. అన్నీ ఒకే వైపు కొట్టుకుపోతుంటే అది ధూళి. ఎదురెదురుగా పోతుంటే ప్రాణమున్నవి.

తక్కువగా ఉంటే ఒక చోటికి చేర్చే చిట్కా ఉంది. సన్న మెడ సీసాలో ఆ నీళ్లు మెడ మొదలు దాకా నింపి, మెడలో వదులుగా దూది పెట్టి, దూది పైన నిలవ ఉంచిన మంచి నీళ్లు నెమ్మదిగా పోయండి. అరగంట నుంచి గంటలో పారమీషియంలు దూదిలోంచి పైకి ఈదుకుంటూ వచ్చి చేరతాయి. పై నీళ్లు ఫిల్లర్‌తో తీయండి. మడ్డి లేని శుభ్రమైన చుక్క వస్తుంది.

7. స్లైడు కట్టండి

స్లైడు మధ్యలో నాలుగైదు దూది పోగులు విడదీసి పరవండి. మీద ఒక చిన్న చుక్క. కవర్ స్లిప్పును ఒక అంచు ఆనించి ఏటవాలుగా దించండి, ధబీమని వదిలితే గాలి బుడగలు పడతాయి. ఆ పోగులు రెండు పనులు చేస్తాయి. గాజు జీవిని నలిపేయకుండా ఆపుతాయి, జీవి దడిలో చిక్కిన మేకపిల్లలా ఒకే చోట తిరుగుతుంది.

దూదితోనూ ఆగకపోతే చిటికెడు ఇసబ్‌గోల్ రెండు స్పూన్ల నీళ్లలో నానబెట్టి, ఆ జిగురు తేట ఒక చుక్క కలపండి. కాలేజీ ల్యాబులో అయితే మిథైల్ సెల్యులోజ్ ద్రావణం ఉంటుంది, అది ఇంకా నికరం.

8. కదలిక చూడండి, 10 ఎక్స్ దగ్గరే ఆగండి

అందరూ చేసే పెద్ద తప్పు ఇక్కడే. ఇంకా పెద్దగా చూద్దామని వెంటనే 40 ఎక్స్ లెన్సు తిప్పుతారు. పారమీషియం సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు ఈదుతుంది. 40 ఎక్స్ లెన్సులో మీకు కనిపించే మేర అర మిల్లీమీటరు లోపే. అంటే జీవి మీ కళ్లెదుట అర సెకను కూడా ఉండదు, మీరు రెప్ప వేసేలోగా దాటిపోతుంది. ముందు 4 ఎక్స్‌లో వెతకండి, 10 ఎక్స్‌లో వెంబడించండి, అది పోగుల మధ్య చిక్కాకే 40.

రెండో తప్పు వెలుతురు. డయాఫ్రం (స్లైడు కింద వెలుతురును పెంచే, తగ్గించే భాగం) పూర్తిగా తెరిస్తే గాజులాంటి జీవులు ఆ కాంతిలో కలిసిపోతాయి. వెలుగు బాగా తగ్గించండి, అంచులు తేలతాయి. ఇంకో సంగతి, స్లైడు కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. అలవాటయ్యేదాకా విసుగు పుడుతుంది.

ఏం చూడాలంటే: పారమీషియం బాణంలా సూటిగా పోదు, తన చుట్టూ తాను తిరుగుతూ మరమేకులా పోతుంది. దూది పోగుకు కొట్టుకున్నప్పుడు జాగ్రత్తగా గమనించండి. ఒక్క క్షణం వెనక్కి ఈది, కొంచెం పక్కకు తిరిగి, మళ్లీ ముందుకు పోతుంది. దారి దొరికేదాకా అలాగే. సందులో ఆటో రివర్స్ చేసినట్టే ఉంటుంది. శైలికలు విడిగా కనపడాలంటే 40 ఎక్స్‌లో, తక్కువ వెలుతురులో, అంచు వెంబడి మినుకుమినుకుమనే కదలిక కోసం చూడండి.

గుర్రపుడెక్క వేరు ముక్క ఒకటి పెట్టి చూస్తే వోర్టిసెల్లా దొరకొచ్చు. కాడ మీద గంట పువ్వులా ఉంటుంది. స్లైడును గోటితో మెల్లగా తట్టండి, కాడ స్ప్రింగులా చుట్టుకుని గంట కిందికి లాగేసుకుంటుంది, తర్వాత తీరిగ్గా విప్పుకుంటుంది. పిల్లలు దీన్ని చూశాక స్లైడు వదలరు.

9. తినడం చూడండి

చిటికెడు ఈస్ట్‌ను రెండు స్పూన్ల నీళ్లలో వేసి పది నిమిషాలు సన్నని సెగ మీద ఉడికించి చల్లార్చండి. ఉడికిస్తే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇక పెరగదు. టూత్‌పిక్ కొన ఆ నీళ్లలో ముంచి, పారమీషియం చుక్కకు తాకించండి, అంతే. ఎక్కువైతే పాల నీళ్లలో వెతికినట్టే.

జీవి ఒక పక్కన నొక్కుకుపోయినట్టున్న గాడి దగ్గర ఈస్ట్ గింజలు సుడి తిరిగి లోపలికి పోతాయి. గాడి కొసన గుండ్రటి బుడగ ఉబ్బుతూ ఉబ్బుతూ ఊడి కణద్రవ్యంలోకి వెళ్తుంది. అదే ఆహార రిక్తిక. అది ఒకచోట ఉండదు, ఒంట్లో తిరుగుతూ అరిగిపోతుంది. 2, 5, 10 నిమిషాలకు ఒక్కో జీవిలో ఎన్ని రిక్తికలున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. రికార్డులో పుస్తకం బొమ్మ దించడం కంటే ఈ పట్టిక వేస్తే ఎగ్జామినర్ ఆసక్తిగా రెండో ప్రశ్న అడుగుతాడు.

రంగులు కావాలంటే కాంగో రెడ్. అది ఇంట్లో వద్దు, క్యాన్సర్ కారకమనే అనుమానం ఉన్న రంగు. కాలేజీ ల్యాబులో లెక్చరర్ దగ్గరుండగా, గ్లౌజులతో చేయండి. 3 గ్రాముల ఈస్ట్, 30 మిల్లీగ్రాముల కాంగో రెడ్, 10 మిల్లీలీటర్ల స్వేదనజలం కలిపి పది నిమిషాలు మెల్లగా మరిగిస్తారు. ఎర్రటి ఈస్ట్ తిన్నాక రిక్తికలో ఆమ్లం చేరగానే నీలం వైపు తిరుగుతుంది, తర్వాత ఆమ్లం తగ్గేకొద్దీ మళ్లీ ఎరుపెక్కుతుంది. మన కడుపులో జరిగే పని ఒక్క కణంలో కంటికి కనిపిస్తుంది. దీనికి పసుపు పనికొస్తుందా అని అడుగుతుంటారు. రాదు. పసుపు క్షారంలోనే ఎర్రబడుతుంది, ఆమ్లంలో పసుపుగానే ఉంటుంది, పైగా నీటిలో సరిగా కరగదు.

ఆహార రిక్తికను, సంకోచ రిక్తికను కలిపేయకండి. సంకోచ రిక్తికలు రెండు, చెరో కొసన కదలకుండా ఉండి, నిండుతూ ఖాళీ అవుతూ ఉంటాయి. లోపలికి చొరబడే నీటిని బయటికి తోడే మోటార్లు అవి. రెండు ఖాళీ అవడాల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. తర్వాత పావు లీటరు నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, అందులో ఒక చుక్కను ఐదు చుక్కల జీవుల నీళ్లలో వేసి మళ్లీ లెక్కించండి. వ్యవధి పెరగాలి. బయట ఉప్పు పెరిగితే లోపలికి వచ్చే నీరు తగ్గుతుంది కదా. జీవులు ముడుచుకుపోతే ఉప్పు ఎక్కువైందని అర్థం.

10. అమీబా కోసం వేరే ఓపిక

అమీబా పైన దొరకదు. సీసా అడుగు మడ్డిని కదపకుండా ఫిల్లర్‌తో కొంచెం పీల్చండి. స్లైడు కట్టి, పది నిమిషాలు ముట్టుకోకండి. కుదుపుకి ముడుచుకున్న అమీబా అప్పుడే గాజును పట్టుకుని పాదాలు చాస్తుంది. ఆలోపు ఆరిపోకుండా కవర్ స్లిప్పు అంచున ఒక చుక్క నీరు అందించండి.

పాకుతోందని ఎలా తెలుసుకోవాలి? ఆకారం చూసి కాదు, ఆకారం మురికి ముద్దకూ ఉంటుంది. లోపలి గింజలు ఒక వైపు ప్రవాహంలా పోతుంటే, ఆ వైపే అంచు ముందుకు పొంగుతుంటే అది అమీబా. ఐదు నిమిషాల తేడాతో రెండు ఫోటోలు తీసి పోల్చండి, ఫోన్ కెమెరాను ఐపీస్‌కు ఆనిస్తే చాలు. అది తినేటప్పుడు చూడగలిగితే అదృష్టమే, నేనే ఇన్నేళ్లలో కొద్దిసార్లు చూశాను. రెండు పాదాలు ఒక చిన్న జీవి చుట్టూ కావలించుకున్నట్టు మూసుకుంటాయి, లోపల చిక్కినది కాసేపు కొట్టుకుంటుంది కూడా.

"ఇదేంటి మాస్టారూ" అంటూ పంపే ఫోటోల్లో ఎక్కువగా ఉండేవి

నల్లటి మందపు అంచుతో నిండు గుండ్రం: గాలి బుడగ. ఉన్నచోటే వణికే చిన్న చుక్కలు: నీటి అణువులు తోస్తే కదిలే రేణువులు, ప్రాణం ఉండనక్కర్లేదు. మీరు కన్ను తిప్పితే కదిలే దారాలు: మీ కంట్లోవే. తలమీద రెండు చక్రాలు తిరుగుతున్నట్టు, లోపల దవడలు నమిలినట్టు కనిపించేది: రోటిఫర్. ఇది ఏకకణ జీవి కాదు, వెయ్యి దాకా కణాలున్నది. పారమీషియం అని రాసి మార్కులు పోగొట్టుకునేది దీంతోనే. పాములా ఎస్ ఆకారంలో కొట్టుకునేది నులిపురుగు, అదీ బహుకణ జీవే.

యూగ్లీనానా, మామూలు పాచా అని అనుమానమొస్తే పచ్చనీటి గ్లాసుకు చుట్టూ నల్లకాగితం చుట్టి, ఒక పక్క రూపాయి బిళ్లంత కన్నం చేసి కిటికీ వైపు పెట్టండి. ఒకటి రెండు గంటల తర్వాత కాగితం తీస్తే కన్నం ఉన్నచోట పచ్చ మచ్చ కడితే ఈదే పచ్చ జీవులున్నట్టు. అక్కడి నుంచే చుక్క తీసి, ఎర్రటి కంటిచుక్క ఉందేమో 40 ఎక్స్‌లో చూసుకోండి.

సీసాను నిలబెట్టుకోవాలంటే

రెండు మూడు వారాలకు తిండి అయిపోయి సంఖ్య పడిపోతుంది. అందుకని పది రోజులకోసారి కొత్త గడ్డి నీళ్లు కాచి, పాత సీసాలోంచి అర గ్లాసు కలపండి, పెరుగు తోడేసినట్టే. పాత సీసా ఒకటి పక్కన ఉంచుకోండి, కొత్తది చెడితే మళ్లీ కాలువకు పోనక్కర్లేదు. పారేసేటప్పుడు మరిగే నీళ్లు పోసి చల్లారాక సింకులో వంపండి. గుర్రపుడెక్క మొక్కను మాత్రం చెరువులోకో తొట్టిలోకో విసరకండి, ఎండలో పడేసి పూర్తిగా ఎండబెట్టండి. ఒక్క మొక్క పడిందంటే ఆ చెరువును మూయడానికి దానికి ఎక్కువ కాలం పట్టదు.